శివారుకు నీళ్లు

మా ఆయన దవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరు. మా తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానుకుని వచ్చి, మా మేడమీద గదిలో కూర్చుని కంప్యూటర్ ఆటలు రాసుకుంటుంటాడు. ఐదేళ్ల కిందట దసరా సెలవుల్లో ఈ ఇద్దరికీ ఏం గాలి సోకిందో, డెల్టా కాలువల మీద ఒక ఆట చేద్దామని మొదలెట్టారు. ఆటగాడు లస్కరు, అంటే కాలువ షట్టర్లు చూసుకునేవాడు. బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పెద్ద కాలువ, లాకు, పిల్ల కాలువ, తూము దాటుకుంటూ శివారు చేల దాకా పోవాలి. దారిలో గట్టుకి గండి పడొచ్చు, గుర్రపుడెక్క పేరుకోవచ్చు, రాత్రిపూట ఎవడో షట్టరు ఎత్తేయొచ్చు. నీటి లెక్కలు మా ఆయనవి, కోడ్ తమ్ముడిది, బొమ్మలు నావి.

ఆ కోడ్‌ని మొదటి రోజు నుంచే గిట్‌హబ్‌లో జీపీఎల్ లైసెన్సు కింద లోకానికంతటికీ తెరిచిపెట్టాడు తమ్ముడు. మూసెయ్యమంటాడు మా ఆయన. మే నెలలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, ఓ ఆదివారం సాయంత్రం ఇద్దరూ అరుగు మీద ఎదురుబొదురుగా కూర్చుంటే, మధ్యన పనసపొట్టు కొడుతూ నేను విన్న మాటలివి. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే కాబట్టి తీర్పు చెప్పకూడదనే అనుకున్నాను.

బావ: ఒరేయ్, ఇప్పటికి ఎన్ని అర్జీలున్నాయిరా దాంట్లో?

బావమరిది: ఇష్యూలాండీ? నూటనలభై దాటాయండి.

బావ: పనిచేసేవాళ్లం ఎంతమందిమి?

బావమరిది: నేనండి. ఆదివారాలు మీరు. బొమ్మలకి అక్క.

బావ: ఒకటిన్నర మనిషి, నూటనలభై అర్జీలు. నిన్న రాత్రి రెండింటిదాకా నీ గదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఏం రాస్తున్నావో అడిగితే కోడ్ కాదన్నావు, ఎవరికో జవాబు రాస్తున్నానన్నావు. నువ్వు ఆట చేస్తున్నావా, అర్జీల గుమాస్తా పని చేస్తున్నావా?

బావమరిది: అడిగినవాడికి జవాబు ఇవ్వకపోతే ఎలాగండీ?

బావ: అసలు అడిగే అవకాశం ఎందుకిచ్చావన్నదే నా ప్రశ్న. తెరిచినవాళ్లలో తెలివైనవాళ్లు ఎప్పుడు తెరిచారో చూడు. నువ్వు చెప్పిన కథలే. డూమ్ 1993 డిసెంబరులో వచ్చింది, కోడ్ బయటపెట్టింది 1997 డిసెంబరులో. ఆ ఇంకోటి, వీ అనే అక్షరం ఆరుసార్లు రాస్తారే, అది 2010 జనవరిది. దాన్ని చేసిన టెరీ కవనా కోడ్ ఇచ్చింది 2020 జనవరిలో, పదో పుట్టినరోజుకి. కోతలయ్యాక చేలోకి పశువుల్ని వదులుతారు, ఊడ్పులప్పుడు ఎవడైనా వదుల్తాడా?

బావమరిది: పోలిక బాగుందండి. ఐతే డూమ్ కోడ్ బయటికొచ్చినప్పుడు డాస్‌లో జనం ఆడిన ఆట కోడ్ రాలేదండి, లినక్స్ వెర్షన్ కోడ్ వచ్చింది. ఎందుకంటే అసలుదాంట్లో శబ్దాల లైబ్రరీ ఇంకొకళ్ల దగ్గర కొన్నది. అది పంచిపెట్టే హక్కు వీళ్లకి లేదు. ఏళ్లతరబడి తాళం వేసిన ఇల్లు తెరిస్తే ఏ మంచం మనది, ఏ బిందె అరువుదో తేల్చుకోవడమే పెద్ద పని. మొదట్నుంచీ వాకిలి తెరిచుంటే అరువు బిందె గడప దాటి లోపలికే రాదండి. ఇక కవనా కోడ్ సంగతి. అందులో వందల గడులున్న ఒకే ఒక్క స్విచ్ చూసి ప్రపంచమంతా నవ్వుకుంది. నవ్వినవాళ్లలోనే కొందరు కూర్చుని బాగుచేశారు. 2024 జనవరిలో వచ్చిన 2.4 వెర్షన్లో ఆ ఆట బోలెడు భాషల్లోకి వెళ్లింది. పదేళ్లు మూసి ఉన్నప్పుడు జరగని పని అది.

బావ: పదేళ్లు అమ్ముకున్నాక కదరా నవ్వులు భరించింది! మనది ఇంకా అమ్మకానికే పోలేదు. లుగారు కథో? అదీ నువ్వే చెప్పావు.

(లుగారు అంటే కుందేళ్లు కుస్తీ పట్టే ఆట. 2010 మేలో మొదటి హంబుల్ ఇండీ బండిల్ అమ్మకం పది లక్షల డాలర్లు దాటిన సంతోషంలో వుల్ఫైర్ వాళ్లు దాని కోడ్ జనానికి ఇచ్చేశారు. 2011 మొదట్లో ఎవరో అదే ఆటని, దాదాపు అదే పేరుతో, ఆపిల్ వాళ్ల మాక్ యాప్ స్టోర్లో రెండు డాలర్లకి పెట్టేశారు. అసలువాళ్లది అదే అంగట్లో పది డాలర్లు.)

బావమరిది: వాళ్లిచ్చింది కోడ్ అండి, బొమ్మలు కాదు, పేరు కాదు. దొంగ అమ్మింది వాళ్లివ్వని సరుకు. మనం కూడా అక్క బొమ్మలకి వేరే లైసెన్సు పెట్టాం, ఆట పేరు మన దగ్గరే ఉంచుకున్నాం. ఆత్రేయపురం చూడండి. పూతరేకు ఎలా తీస్తారో దాచేదేముందండీ? బోర్లించిన కుండ, కింద మంట, పల్చటి పిండి జావలో ముంచిన గుడ్డ. అరుగు మీద కూర్చుని అందరూ చూస్తుండగానే తీస్తారు. నేర్చుకుని ఎవరింట్లో వాళ్లు తీసుకోవచ్చు. 2023లో జీఐ గుర్తింపు వచ్చింది దేనికి? విద్యకి కాదు, పేరుకి.

బావ: ఆ పేరు తెచ్చుకున్నది ఎవరు? తయారీదార్ల సంఘం. వాళ్ల వెనకాల ఓ ఊరుంది. మన వెనకాల ఎవరున్నారు, మీ అక్కా? రేపెవడో ఏ దేశంలోనో మన ఆటని ఎత్తుకుపోయి అమ్ముకుంటే, హక్కు నీదే, కాదనను. కోర్టు ఫీజు ఎవరిది? కాగితం మీద హక్కు ఉండి చేతిలో బలం లేనివాడు గట్టు తగాదాలో ఏమవుతాడో ఏటా చూస్తున్నా నేను.

(ఇక్కడ మా తమ్ముడు నీళ్లు తాగాడు. దీనికి వాడి దగ్గర జవాబు లేదు. మిండస్ట్రీ అనే ఆట కోడ్ జీపీఎల్‌లో ఉచితంగా దొరుకుతున్నా స్టీమ్‌లో జనం డబ్బిచ్చి కొంటున్నారని ఏదో అన్నాడు. అది నిజమే గాని, అడిగినదానికి జవాబు కాదు.)

బావ: ఇంకోటి. ఆ పుల్ రిక్వెస్టులని వస్తాయే, ఎవరో రాసి పంపిన ముక్కలు, అవి కలుపుకున్నాక ఆ ముక్క ఎవరిది?

బావమరిది: రాసినవాడిదేనండి. జీపీఎల్ కింద మనకి వాడుకునే హక్కిస్తాడు.

బావ: అంటే ఇది ఉమ్మడి ఆస్తి అయిపోయినట్టేగా! రేపు లైసెన్సు మార్చాలంటే?

బావమరిది: అందరూ ఒప్పుకోవాలండి. వీఎల్‌సీ వీడియో ప్లేయరుకి అదే అయింది. 2011 జనవరిలో ఆపిల్ స్టోర్లోంచి దిగిపోయింది. స్టోరు షరతులకీ జీపీఎల్‌కీ పొసగదని, రాసినవాళ్లలోనే ఒకాయన అభ్యంతరం చెప్పాడు. తర్వాత లైసెన్సు మార్చడానికి, ఎప్పుడో ఏదో నాలుగు లైన్లు రాసి వెళ్లిపోయినవాళ్లతో సహా వందలమందిని వెతికి పట్టుకున్నారు.

బావ: రిజిస్ట్రారాఫీసు ముందు వాటాదార్ల కోసం చెట్టుకింద కూర్చున్నట్టు! మా తాతగారి పొలానికి ఎనిమిది సంతకాలు కావాల్సొస్తే పదకొండేళ్లు పట్టింది. అందులో ఒకాయన కాశీలో ఉండిపోయాడు. నువ్వు తెలిసి తెలిసి వందమంది వాటాదార్లని పోగేస్తున్నావు.

బావమరిది: పోగేస్తున్నాను కాబట్టే ఎవడో ఒక్కడు మొత్తం అమ్మేసుకోలేడండి. నేనూ అమ్మేసుకోలేను. నాకు బుద్ధి మారినా ఆటకి ఏమీ కాదు. ఆసెప్రైట్ గుర్తుందాండీ, అక్క బొమ్మలేసేది? 2016లో జీపీఎల్ తీసేసి సొంత షరతులు పెట్టుకున్నారు. అంతకుముందు వదిలిన కోడ్ వదిలినట్టే ఉంది కదా, దాంట్లోంచి లిబ్రెస్ప్రైట్ అని వేరే కాపురం పెట్టారు జనం. మీరు మూసేస్తే మన దానికీ అంతే. ఈరోజుదాకా ఇచ్చింది వెనక్కి రాదు. వదిలిన నీళ్లు బ్యారేజీ ఎక్కవు.

బావ: వదిలింది పోనీరా. రేపటి నీళ్లు ఎటు పోవాలన్నది నా గోల. కోడ్ గొడవ సగమే. మిగతా సగం అర్జీల వరస. పైన ఏముంది?

బావమరిది: మల్టీప్లేయరండి. నలుగురు నాలుగు కాలువలు చూసుకోవాలని. అరవైమంది బొటనవేలు ఎత్తారు.

బావ: ఆ అరవైమందిలో దాళ్వా అంటే తెలిసినవాళ్లు ఎంతమంది?

బావమరిది: అలా అడిగితే ఎలాగండీ, ఆట అందరిదీ.

బావ: విను. ఎగువ రైతు చేను కాలువ గట్టునే ఉంటుంది. నీళ్లు ఓ చెయ్యి తగ్గితే వచ్చి కేకలేస్తాడు, ఇంకా తగ్గితే ఇంజను పెట్టి తోడేసుకుంటాడు. వాడి గొంతు రోజూ వింటాం. శివారువాడు ఆఫీసుకి రాడు. ఎవర్ని అడగాలో తెలీదు, అడిగినా ఒరిగేదేమీ ఉండదని వాడి నమ్మకం. వాడికి నీళ్లు అందలేదన్న సంగతి, సైకిలేసుకుని కాలువ వెంబడి చివరిదాకా పోతేగానీ మాకు తెలీదు. అప్పటికి నెర్రెలు విచ్చుంటుంది. ఆఫీసుకొచ్చిన అర్జీలనిబట్టి నీళ్లు వదిలే ఇంజనీరు ఎవడైనా ఉంటే, వాడు మూడేళ్లలో శివారుని ఎండబెట్టేస్తాడు. వాడి ఫైళ్లు మాత్రం శుభ్రంగా ఉంటాయి, వచ్చిన ప్రతి అర్జీకీ జవాబు ఉంటుంది. నీ గిట్‌హబ్ అదే. ఇంగ్లీషు వచ్చినవాడు, ఖాతా ఉన్నవాడు, మంచి కంప్యూటరున్నవాడు వస్తాడు. పాత ఫోన్లో ఆడుకునే పిల్లాడు రాడు. తెరిచి ఉంచినంత మాత్రాన అందరూ వచ్చినట్టు కాదు.

(ఈ మాటకి నేనూ కత్తి ఆపాను. పెళ్లయి పద్నాలుగేళ్లయింది, ఆయన తన ఉద్యోగం గురించి ఇన్ని మాటలు ఒక్కసారిగా చెప్పడం ఇదే మొదలు.)

బావమరిది: ఆయ్, ఒప్పుకున్నానండి. కానీ మూసేస్తే శివారుకి ఎలా పారుతుందో చెప్పండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌కి ‘జ్ఞా’ అనే అక్షరాన్ని ఒక రకంగా టైపు చేసి పంపితే యాప్‌కి యాప్ కూలిపోయేది. గుర్తుందా? జ్ఞానానికి తట్టుకోలేని ఫోనని మీరే జోకేశారు. కోట్లమంది తెలుగువాళ్లలో ఒక్కడికైనా ఆ కోడ్ తెరిచి, ఎక్కడ తప్పిందో చూసే దారి ఉందా? 19వ తారీఖున ఆపిల్ సరిచేసి పంపేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాం. అదైనా అంత తొందరగా ఎందుకు చేశారు? దాన్ని పంపితే ఎవరి ఫోనైనా పడిపోతుంది కాబట్టి. ఊరికే తెలుగు వంకరగా కనబడటమే ఐతే ఏ ఏటికి వచ్చేదో.

బావ: ఐతే మన గోడౌన్ సంగతేంటి?

(గోడో అని ఆటలు కట్టే ఇంజన్. అర్జెంటీనాలో పుట్టింది, 2014లో కోడ్ మొత్తం ఎంఐటీ లైసెన్సుతో ఇచ్చేశారు. మా ఆయన ఐదేళ్లుగా దాన్ని గోడౌన్ అనే అంటున్నాడు.)

బావమరిది: నేను చెప్పబోయేది అదేనండి. మనం మొదలెట్టింది గోడో 3లో. దానికి మన లిపి కుదరదు. వత్తు కిందికి దిగదు, పొల్లు పొల్లుగానే పక్కన నిలబడుతుంది. దవళేశ్వరం అని రాస్తే ‘దవళేశ్‌వరం’. హిందీ, అరబ్బీ, తెలుగు, అందరిదీ అదే ఏడుపు. ఏళ్లతరబడి అడిగారు. 2023 మార్చి 1న వచ్చిన గోడో 4లో హార్ఫ్‌బజ్‌ని పెట్టారు. ఫైర్‌ఫాక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో మన వత్తుల్ని సరిగ్గా కూర్చోబెట్టేది అదే. అదీ తెరిచిన కోడే, ఎవరైనా తెచ్చుకుని బిగించుకోవచ్చు. ఇంజన్ కోడ్ తెరిచుంది, అక్షరాల కోడ్ తెరిచుంది, కాబట్టి ఒకదానికొకటి అతికాయి. ఒక శివారుకి నీళ్లు చేరాయా లేదా?

బావ: చేరాయి. తూము తెరిచుందని కాదు, ఎవడో పారపుచ్చుకుని కాలవలోకి దిగాడు కాబట్టి చేరాయి. సరే, మనం ఆ 4లోకి ఎందుకు మారలేదు?

బావమరిది: మారాలంటే సగం కోడ్ తిరగరాయాలండి. మూడు నాలుగు నెలల పని. పాత ఫోన్లకి మళ్లీ విడిగా చూసుకోవాలి. అంతా చేశాక ఆట పైకి ఇప్పుడున్నట్టే కనిపిస్తుంది. ఎవరూ అడగలేదు కూడాను.

బావ: ఎవరూ?

బావమరిది: ఒకటుందండి అర్జీ. వత్తుల గురించి.

బావ: ఎవరు పెట్టారు?

బావమరిది: …అక్క.

(పదకొండు నెలలయింది నేను పెట్టి. దానికింద ఉన్న బొటనవేలు ఒక్కటే, అదీ నాదే. ఆటలో మీకు కనిపించే తెలుగు మాటలన్నీ అక్షరాలు కావు, నేను గీసిన బొమ్మలు. ‘లాకు తెరువు’ అన్నది బొమ్మ. ‘శివారు ఎండిపోతోంది’ అన్నది బొమ్మ. మాట మారిస్తే మళ్లీ గీయాలి. ఇంగ్లీషు మాటలు మాత్రం టకటకా టైపు చేసి పెట్టాడు మా తమ్ముడు.)

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడే మళ్లీ అందుకున్నాడు.

బావమరిది: ఐతే ఒకటి చేద్దామండి. బయటివాళ్లలో ఒకాయన ఏడాదిగా బాగా రాస్తున్నాడు. ఆయనకి మెర్జ్ హక్కు ఇచ్చేస్తే రోజువారీ అర్జీలు ఆయన చూసుకుంటాడు, నేను 4 పని చూసుకుంటాను.

బావ: మొహం చూశావా?

బావమరిది: లేదండి.

బావ: లాకు తాళం ముక్కూమొహం తెలియనివాడికి ఇస్తావా! ఆమధ్య నువ్వే ఏదో చెప్పావు, రెండేళ్లు మంచివాడిగా ఉండి…

బావమరిది: ఎక్స్‌జెడ్ అని, ఫైళ్లు కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరండి. 2024 మార్చి. ఒంటిచేత్తో లాగి అలిసిపోయినాయన దగ్గరికి జియా టాన్ అన్న పేరుతో ఎవరో సాయానికి చేరారు. నమ్మకం సంపాదించుకుని, హక్కులు తీసుకుని, దొడ్డిదోవ తవ్విపెట్టారు. ఆండ్రెస్ ఫ్రొయిండ్ అనే ఇంజనీరు, లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వుకుంటూపోతే బయటపడింది. తెరిచి ఉండబట్టే దొరికాడండీ దొంగ.

బావ: తెరిచి ఉండబట్టే దూరాడు కూడాను.

బావమరిది: అదీ నిజమేనండి.

(ఈ ఒక్క చోట ఇద్దరూ నవ్వారు.)

బావ: అలిసిపోయినవాడి దగ్గరికే అలాంటివాడు వస్తాడురా. అందుకే మూసెయ్యమంటున్నా. 2011లో కోనసీమ రైతులు ఏం చేశారు? పంట విరామం అన్నారు.

బావమరిది: సార్వా పంట ఒక్కటి మానేశారండి, పొలాన్ని అమ్ముకోలేదు. ఆ మాట మీరే అన్నారు కాబట్టి చెప్తున్నాను. కోడ్ తెరిచి ఉంచడం వేరు, వరస నిర్ణయించడం వేరు అంటే ఒప్పుకుంటాను. నెట్‌హాక్ ఆట వాళ్లు 2003 డిసెంబరులో 3.4.3 ఇచ్చి, మళ్లీ 3.6.0 ఇచ్చింది 2015 డిసెంబరులో. కోడ్ అందరి దగ్గరా ఉంది. వాళ్లు మాత్రం పన్నెండేళ్లు తలుపేసుకుని ఉన్నారు. ఓపిక లేనివాళ్లు ఎవరి కాపీ వాళ్లు తీసుకుని ఎవరిష్టం వాళ్లు మార్చుకున్నారు. నాకు మరీ అంత మౌనం నచ్చదు. డంజన్ క్రాల్ స్టోన్ సూప్ వాళ్లది ఇంకో పద్ధతి. ఆటలో ఏది ఉంటుంది, ఏది ఉండదు అన్న సిద్ధాంతం మాన్యువల్లోనే రాసిపెట్టుకున్నారు. దాంతో సరిపడకపోతే ఉన్నదాన్నైనా పీకేస్తారు. కొండ మరుగుజ్జుల జాతిని అలాగే తీసేశారు. జనం గోలపెట్టినా రాసిన మాట మీద నిలబడ్డారు.

బావ: అది వంతుల పట్టికరా! రెండో పంటకి, దాళ్వాకి, నదిలో నీళ్లు తక్కువైన ఏడు మేం చేసేది అదే. ఏ కాలువకి ఏ రోజుల్లో నీళ్లో ముందే రాసి గోడకి అంటిస్తాం. మీటింగులో ఎవడైనా తిట్టొచ్చు, పట్టిక తప్పని రుజువు చెయ్యొచ్చు. ఒక్కసారి అంటించాక అర్ధరాత్రి షట్టరు తిప్పేటప్పుడు లస్కరు ఎవరి బొటనవేళ్లూ లెక్కపెట్టడు.

బావమరిది: ఐతే మూసెయ్యక్కర్లేదన్నమాట.

బావ: నేను అలా అన్లేదు. పట్టిక రాయి, చూస్తాను. మొదటి వరసలో ఏం రాస్తావో చూసి అప్పుడు చెప్తా.

తమ్ముడు లాప్‌టాప్ తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపు ఇద్దరూ తలలు ఆనించి గొణుక్కున్నారు. నేను పొట్టుకి ఆవ నూరుతూ మధ్యలో ఒకసారి మాత్రం, “ఒరేయ్, నా అర్జీ నంబరు తొంభైమూడు” అన్నాను.

మొదటి వరస: గోడో 4కి మారడం, తెలుగు బొమ్మలన్నీ తీసేసి అక్షరాలు పెట్టడం. రెండోది: మా పనిమనిషి కొడుకు దగ్గరున్న పాత ఫోన్లో ఆట ఆగకుండా నడవడం, వాడి ముందు కూర్చుని చూసి రాసుకోవడం (ఇది మా ఆయన పట్టు). మూడోది: పుల్ రిక్వెస్టు పంపే ప్రతివాడూ లైసెన్సు కాగితానికి ముందే ఒప్పుకోవడం. కింద ఒక వాక్యం, ఈ మూడూ అయ్యేదాకా కొత్త అర్జీలు చదువుతాం గాని జవాబివ్వమని. తమ్ముడు దాన్ని ఇంగ్లీషులో రాశాడు. నేను ఊరుకోలేదు, తెలుగులో కూడా పెట్టించాను.

బావమరిది: మరి మల్టీప్లేయరో, బావగారూ? అరవైమందండి.

బావ: కాలువ కట్టేసినప్పుడు చూద్దాం.

బావమరిది: కట్టేసే ఉందిగా ఇప్పుడు!

బావ: వచ్చే ఏడుదిరా.